గ్రంథాలయపు పనిముట్లు: అరవయ్యేళ్ళ చరిత్ర

పుస్తకాలు దాచుకోవడానికి బీరువా చేయించేవారు కర్రనూ, పనితనాన్నీ, ధరనూ చూస్తారు. ఇల్లు మారవలసిన నాడు అది గుమ్మం దాటి బయటికి వస్తుందా అని ముందుగా కొలుచుకునేవారు అరుదు. గ్రంథాలయాలకూ, పాతప్రతుల భాండాగారాలకూ సాఫ్టువేరు ఎంచుకోవడంలో గత అరవయ్యేళ్ళుగా జరుగుతున్నదీ ఇదే. దేనిలో ఎన్ని సదుపాయాలున్నాయన్నదే ఎక్కడ చూసినా చర్చ. కానీ చరిత్రను తరచి చూస్తే, నిలిచినవాటిని నిలబెట్టినది సదుపాయాల పట్టిక కాదు. లోపల పెట్టినదాన్ని చెడకుండా బయటికి తీయగలగడమే వాటిని నిలబెట్టింది. తెలుగు పుస్తకాలను కంప్యూటరుకెక్కించే పనిలో మనలో చాలామంది ఏదో ఒక మేరకు చెయ్యి పెట్టినవారే కనుక, ఈ చరిత్ర మనకు అక్కరకు వస్తుందని నా నమ్మకం.

కార్డుల పెట్టె నుండి టేపు చుట్టకు

అమెరికాలోని కాంగ్రెసు గ్రంథాలయం 1901 నుండి అచ్చువేసిన సూచీకార్డులను ఇతర గ్రంథాలయాలకు అమ్ముతూ వచ్చింది. ఒక పుస్తకపు వివరాలను ఒకచోట జాగ్రత్తగా రాస్తే చాలు, మిగిలిన వందల గ్రంథాలయాలు అదే పనిని మళ్ళీ చేయనక్కరలేదు. 1960లలో ఈ పనిని కంప్యూటరుకు అప్పగించాలని సంకల్పించారు. ఆ బాధ్యతను తలకెత్తుకున్న హెన్రియెట్ ఆవ్రమ్ గ్రంథాలయశాస్త్రం చదివిన మనిషి కాదు, ప్రోగ్రామరు. కార్డు మీద ఏ వివరం ఎక్కడుంటుందో, అక్కడే ఎందుకుంటుందో నేర్చుకుని, ఆ కార్డును ఆమె యంత్రానికి అర్థమయ్యే ముక్కలుగా విడదీసింది. 1966 నుండి 1968 వరకు పదహారు గ్రంథాలయాలతో ప్రయోగం నడిచింది. దాని ఫలితమే మార్క్ అనే పద్ధతి. రచయిత పేరుకు 100, పుస్తకం పేరుకు 245, ప్రచురణ వివరాలకు 260, ఇలా ప్రతి వివరానికీ మూడంకెల గుర్తు ఒకటి. 1973లో దీని చట్రం ఐ.ఎస్.ఓ. 2709 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. మార్క్ సాఫ్టువేరు కాదు. ఫలానా యంత్రమే వాడాలని అది చెప్పలేదు. ఒక యంత్రం నుండి ఇంకో యంత్రానికి వివరాలు ఏ రూపంలో ప్రయాణం చేయాలో మాత్రమే చెప్పింది. టేపు చుట్టల కాలపు ఆనవాళ్ళు దానిలో ఇప్పటికీ ఉన్నాయి. రికార్డు పొడవును చెప్పడానికి అయిదు అంకెల చోటే కేటాయించారు కనుక ఏ రికార్డూ 99,999 బైట్లు దాటకూడదు. టేపులు పోయాయి. కార్డుల ముద్రణను కాంగ్రెసు గ్రంథాలయమే 1997లో ఆపేసింది. మార్క్ స్థానంలో మరొక పద్ధతిని తేవాలని 2011లో బిబ్‌ఫ్రేమ్ అనే ప్రయత్నం మొదలైంది. అయినా మార్క్ రికార్డులు నేటికీ చలామణిలో ఉన్నాయి.

దీనికి తెలుగుతో సంబంధం లేకపోలేదు. పి.ఎల్. 480 పథకం కింద 1962 నుండి భారతీయ భాషల పుస్తకాలు అమెరికా గ్రంథాలయాలకు చేరాయి. వాటిలో మన పుస్తకాలూ ఉన్నాయి. అయితే అప్పటి యంత్రాలకు తెలుగు లిపి రాదు. అందువల్ల ఆ పుస్తకాల పేర్లు చుక్కలూ గీతలూ తగిలించిన రోమన్ అక్షరాలలో నమోదయ్యాయి. మూలలిపిని పక్కనే చేర్చుకోవడానికి 880 అనే స్థానాన్ని మార్క్‌లో తరువాత ఏర్పరచారు. చట్రం తెరిచి ఉన్నది కనుకనే ఆ చేర్పు సాధ్యమైంది.

ఐసిస్: ఉచితం, కానీ మూసిన పెట్టె

కోట్ల డాలర్ల యంత్రాలు లేని దేశాల మాటేమిటి? ఈ ప్రశ్నకు యునెస్కో ఇచ్చిన జవాబు సి.డి.ఎస్./ఐసిస్. దీని మూలాలు జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఉన్నాయి. మొదట పెద్ద యంత్రాల మీద నడిచిన ఈ వ్యవస్థను 1985లో చిన్న కంప్యూటర్లకు తగినట్టుగా రూపొందించి, లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితంగా పంచిపెట్టారు. మనదేశంలో నిస్సాట్ అనే ప్రభుత్వ పథకం దీని పంపిణీని చూసింది. లాటిన్ అమెరికా నుండి ఆసియా దాకా ఎన్నో గ్రంథాలయాలు కంప్యూటరు ముఖం మొదటిసారి చూసినది దీని ద్వారానే. మన గ్రంథాలయశాస్త్ర విద్యార్థులలో ఒక తరం దీనితోనే ఓనమాలు దిద్దింది.

ఐసిస్ గొప్పతనం రెండు విషయాలలో ఉంది. ఒకటి, ఏ వివరానికి ఎంత పొడవైనా ఉండనిచ్చింది. ఒక పుస్తకానికి ఒకే రచయిత ఉండవచ్చు, మరొకదానికి ఆరుగురు సంకలనకర్తలు ఉండవచ్చు. రెండు, ఐ.ఎస్.ఓ. 2709 రూపంలో సమాచారాన్ని బయటికి ఇచ్చింది. దాని లోపాలూ రెండే. డబ్బు అడగకపోయినా లోపలి ప్రోగ్రామును విప్పి చూపలేదు. ఇక 1990లలో విండోసు కోసం వచ్చిన విన్‌ఐసిస్ అక్షరానికి ఒక్క బైటు అనే పాత పద్ధతినే నమ్ముకుంది. యూనికోడు వచ్చాక దాన్ని తమకు తామే మార్చుకునే వీలు వాడుకరులకు లేకపోయింది. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అన్న మాట గ్రంథాలయాలకు తెలిసివచ్చినది ఇక్కడే. అయితే బయటికి తలుపు ఉన్నది కనుక ఐసిస్‌లోని సూచికలు దానితోపాటు సమాధి కాలేదు. వేరే వ్యవస్థలలోకి తరలిపోగలిగాయి.

కోహా: ఒక కానుక కథ

1999లో న్యూజిలాండులోని హోరోఫెనువా గ్రంథాలయ ధర్మసంస్థకు ఒక చిక్కు వచ్చిపడింది. తాము వాడుతున్న పాత వ్యవస్థ 2000 సంవత్సరాన్ని తట్టుకోలేదని తేలింది. కొత్తది కొనాలంటే ఖర్చు. కటిపో అనే చిన్న సంస్థ వారికోసం కొత్త వ్యవస్థను రాసి ఇచ్చింది. 2000 జనవరి మొదటి వారంలో అది పనిలోకి దిగింది. అదే ఏడాది దానిని జి.పి.ఎల్. లైసెన్సు కింద లోకానికి ఇచ్చివేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. ఆ సంప్రదాయంలో కానుక ఏకపక్షం కాదు, పుచ్చుకున్నవారి మీద తిరిగి ఇవ్వవలసిన మర్యాద ఉంటుంది. పేరు తగినట్టే కుదిరింది.

ఈ కథలో అసలు ఘట్టం పదేళ్ళ తరువాత వచ్చింది. కోహా వ్యాప్తిలోకి వచ్చాక ఒక అమెరికన్ వ్యాపార సంస్థ చేతికి పాత జాలస్థలి పేరు వెళ్ళింది. 2011లో న్యూజిలాండులోనే కోహా అన్న పేరును వ్యాపారచిహ్నంగా నమోదు చేయించుకునే ప్రయత్నం జరిగింది. కానుక ఇచ్చిన గ్రంథాలయమే తన కానుక పేరు కోసం పోరాడవలసి వచ్చింది, అందుకు లోకం సాయం అడగవలసి వచ్చింది. 2013 డిసెంబరులో ఆ దరఖాస్తు తిరస్కరణకు గురైంది. ఆ రెండేళ్ళలోనూ కోహా వాడే గ్రంథాలయాల పని ఆగలేదు. పేరు వివాదంలో ఉన్నా ప్రోగ్రాము అందరి చేతిలోనూ ఉన్నది. వాడుకరులు కొత్త జాలస్థలి కట్టుకుని తమ దారిన సాగిపోయారు. లైసెన్సు పత్రంలోని నాలుగు పుటలను మనం చదవకుండా దాటవేస్తాం. సమయం వచ్చినప్పుడు అడ్డుపడేవి ఆ పుటలే.

అదే కాలంలో మరికొన్ని వచ్చాయి. న్యూజిలాండులోనే వైకాటో విశ్వవిద్యాలయం గ్రీన్‌స్టోన్‌ను తయారుచేసింది. అంతర్జాలం అందని ఊళ్ళకు వైద్య, వ్యవసాయ గ్రంథాలను సి.డి.ల మీద పంపడం దానితో సాధ్యమైంది. 2002లో ఎం.ఐ.టి., హ్యూలెట్ పాకర్డ్ కలిసి డీస్పేస్‌ను విడుదల చేశాయి. కోహా పుస్తకాల సూచికకూ, ఇచ్చిపుచ్చుకోలుకూ పనికివస్తే, ఇవి రెండూ పుస్తకాన్నే డిజిటల్ రూపంలో నిలవచేయడానికి పనికివస్తాయి. మన హైదరాబాదు వంతు కూడా ఉంది. అక్కడ రూపొందిన న్యూజెన్‌లిబ్‌ను 2008 జనవరిలో జి.పి.ఎల్. కింద విడుదల చేశారు. యూనికోడును మొదటినుండీ ఆధారం చేసుకోవడం దానిలోని విశేషం.

పది లక్షల పుస్తకాలు

ఇక మనకు బాగా పరిచయమైన కథ. కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి సంకల్పించిన పథకం ఇది: పది లక్షల పుస్తకాలను డిజిటల్ రూపంలోకి తేవడం. భారత, చైనా, ఈజిప్టు దేశాలు చేతులు కలిపాయి. మనదేశంలో ఇది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా రూపుదాల్చింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దాని ప్రధాన కేంద్రాలలో ఒకటి. 2007 నాటికి మొత్తం పథకం పది లక్షల గీటు దాటింది. మార్కెట్లో ఎన్నడూ దొరకని తెలుగు పుస్తకాలను మనం మొదటిసారి తెరమీద చూసినది ఈ పుణ్యాననే.

పనిముట్ల దృష్టితో చూస్తే ఈ పథకం సగం విజయం, సగం పాఠం. పుటలను 600 డి.పి.ఐ. సాంద్రతతో, టిఫ్ రూపంలో, పుటకొక దస్త్రంగా భద్రపరచారు. భద్రపరచడానికి ఇది మంచి నిర్ణయమే. కానీ చదువరికీ అదే రూపాన్ని ఇవ్వడంతో బ్రౌజరుకు ప్రత్యేకమైన ప్లగిన్ తగిలించుకుని, ఒక్కొక్క పుటనే తెరుచుకుంటూ చదవవలసి వచ్చింది. నిలవకు ఒక రూపం, వాడుకకు ఒక రూపం ఉండాలన్న విచక్షణ లోపించింది.

అంతకన్న పెద్ద లోటు వివరాల నమోదులో జరిగింది. తెలుగు పేర్లను రోమన్ అక్షరాలలో, ఏ నియమమూ లేకుండా, ఎవరికి తోచినట్టు వారు రాశారు. 'భారతము' అన్న ఒక్క మాట తీసుకోండి. దీర్ఘానికి ఒక 'ఎ' గానీ రెండు గానీ, తకారానికి 'టి' ఒక్కటి గానీ 'హెచ్'తో జంటగా గానీ, చివర 'ము' గానీ ఉత్త 'మ్' గానీ. రెండు, రెండు, రెండు, ఎనిమిది రూపాలయ్యాయి. భకారంలో 'హెచ్' మరిచినవారిని కలుపుకుంటే పదహారు. 'ఆంధ్ర' అన్న మాటను ముందు చేర్చితే లెక్క ఇంకా పెరుగుతుంది. పుస్తకం లోపల ఉన్నది, వెతికినవాడికి మాత్రం లేదు. దొరకని పుస్తకానికీ లేని పుస్తకానికీ చదువరి దృష్టిలో భేదమేముంది?

2017 ప్రాంతంలో ఆ జాలస్థలి అందుబాటు నుండి తొలగిపోయింది. అప్పటికి నాలుగు లక్షలకు పైగా పుస్తకాల నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవుకు చేరాయి కనుక అవి మనకు మిగిలాయి. టిఫ్ అనేది అందరికీ తెలిసిన, ఎవరి గుత్తకూ లోబడని రూపం కావడం వల్ల ఆ తరలింపు సాధ్యమైంది. చదువరిని విసిగించిన నిర్ణయమే చివరికి పుస్తకాన్ని బతికించిందన్నమాట. రోమన్ పేర్ల గందరగోళం మాత్రం పుస్తకాలతోపాటే కొత్త ఇంటికి కూడా వెళ్ళింది. బొమ్మలు చక్కగా తరలివచ్చాయి. చెడ్డ వివరాలు అంతే చక్కగా తరలివచ్చాయి.

లిపి కూడా ఒక పనిముట్టే

పై కథకు ఎదురుగా ఇంకొకదాన్ని నిలపాలి. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు ఆర్.టి.ఎస్. అనే లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. అదీ రోమన్ లిపే. కానీ దానికి నియమముంది. ఏ తెలుగు అక్షరానికి ఏ రోమన్ గుర్తో నిర్ణయించి ఉన్నది. అందువల్లనే ఆనాడు ఆ పద్ధతిలో టైపుచేసిన పద్యాలనూ, కథలనూ ఈనాడు ఒక చిన్న ప్రోగ్రాముతో యూనికోడులోకి మార్చుకోగలుగుతున్నాం. మన లేఖిని వంటివి ఆ ఒరవడిలోనివే. డి.టి.పి. కోసం పుట్టిన ఫాంట్లలో టైపుచేసిన దస్త్రాలది ఇందుకు భిన్నమైన గతి. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క సంకేతపట్టిక. కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరస. అకారాదిగా అమర్చడానికి గానీ, వెతకడానికి గానీ అవి పనికిరావు.

1991లో ఇస్కీ భారతీయ ప్రమాణంగా స్థిరపడింది. అదే ఏడాది వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు దక్కాయి. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీ, గౌతమి ఫాంటుతో దానిని ఇళ్ళలోకి తెచ్చింది. పని అంతటితో పూర్తి కాలేదు. పాత ముద్రణలో పదాంత నకారానికి వాడిన నకారపొల్లుకు యూనికోడులో చోటు దొరికినది 2021లో మాత్రమే. ముప్ఫయ్యేళ్ళు ఆలస్యమైనా దొరికింది, ఎందుకంటే అడగడానికి ఒక చోటు ఉన్నది.

ఏది ఎంచుకోవాలి?

వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. అటువంటి నూరేళ్ళ గ్రంథాలయాలు మనకు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటైనా రేపు ఈ పనికి పూనుకుంటే ఏమి చెప్పాలి? నా అభిప్రాయాన్ని క్లుప్తంగా మనవి చేస్తాను.

ముందుగా వివరాలు, ఆపైన బొమ్మలు, చివరగా సాఫ్టువేరు. గ్రంథకర్త పేరు, పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం, ముద్రణాలయం, వీటిని తెలుగు లిపిలోనే, యూనికోడులోనే రాయాలి. రోమన్‌లో కూడా కావాలంటే ఒకే నియమంతో రాయాలి. మూడువేల పుస్తకాలున్న చోట దీనికి మామూలు స్ప్రెడ్‌షీటు చాలు. దాన్ని రేపు కోహాలోకి ఎక్కించుకోవచ్చు. తప్పుల తడకగా నింపిన కోహాను మాత్రం ఏ సాఫ్టువేరూ బాగుచేయలేదు. స్కాను చేసిన మూలదస్త్రాలను ముట్టకుండా ఒకచోట దాచి, చదువరులకు పి.డి.ఎఫ్. ఇవ్వాలి. నకళ్ళు కనీసం రెండు ఊళ్ళలో ఉండాలి.

ఆ తరువాత ఏ సాఫ్టువేరు తెచ్చినా మొదటి నెలలోనే ఒక పరీక్ష పెట్టాలి. వంద రికార్డులు లోపల పెట్టి, వాటిని బయటికి తీసి, వేరొకచోట తెరిచి చూడాలి. అరసున్న, శకటరేఫం, సంయుక్తాక్షరాలు చెక్కుచెదరకుండా వచ్చాయా? వస్తే ఉంచుకోవచ్చు. రాకపోతే అమ్మేవాడు ఎంత తీయగా మాట్లాడినా వద్దు. స్వేచ్ఛా సాఫ్టువేరు అయినంత మాత్రాన ఖర్చు లేదనుకోవడమూ పొరబాటే. కోహాకు సర్వరు కావాలి, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఆ మనిషికి ఇవ్వవలసిన జీతాన్ని లెక్కలో వేసుకోని గ్రంథాలయం రెండో ఏడాదికే చేతులెత్తేస్తుంది.

అరవయ్యేళ్ళలో టేపులు పోయాయి, ఐసిస్ వెనకబడింది, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్థలి మూతపడింది. ఇవాళ మనం ఎంచుకునేది కూడా ఏదో ఒకనాడు పోయేదే. పుస్తకం మాత్రం దానితో పోకూడదు. మీ ఊరి గ్రంథాలయంలో ఈ పని జరుగుతూ ఉంటే, అక్కడ ఏమి వాడుతున్నారో, తెలుగు అందులో ఎలా ఇముడుతున్నదో తెలియజేయండి. తరువాత పూనుకునేవారికి ఆ అనుభవమే మొదటి పనిముట్టు అవుతుంది.