రక్తంలో దొరికిన రాత

సెంట్రిఫ్యూజ్ మూత పడింది. సన్నగా మొదలైన హోరు గదంతా కమ్మేసింది. లోపల ట్యూబులు గిర్రున తిరుగుతున్నాయి, భూమి లాగే బలానికి 1,10,000 రెట్ల బలంతో. గంట దాటాక హోరు తగ్గింది. ట్యూబు అడుగున ఉందో లేదో అన్నంత మడ్డి.

బోస్టన్, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్. జాండ్రా బ్రేక్‌ఫీల్డ్ ల్యాబులో యోహన్ స్కోగ్ బృందం ఆ మడ్డి కోసమే కాచుకుని ఉంది. అది మెదడు క్యాన్సర్ కణాలు బయటికి వదిలిన బుల్లి సంచుల కుప్ప. గ్లియోబ్లాస్టోమా. కోసి తీసినా మళ్లీ మొలిచే గడ్డ. ఎంత వైద్యం చేసినా సగం మందికి మిగిలేది ఏడాది, ఏడాదిన్నర.

ఇంతకీ ఆ మడ్డి చెత్తేనా?

చాన్నాళ్లు అలాగే అనుకున్నారు. 1980ల్లో మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టోన్ గొర్రె రక్తకణాల్లో ఇలాంటి సంచుల్ని చూసి 'ఎక్సోజోమ్' అని పేరు పెట్టారు. వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు అటూ ఇటూ. కణం అక్కర్లేనిది పారబోసుకుంటోందనే లెక్క.

ఇప్పుడు స్కోగ్ బృందం ఆ సంచి విప్పింది. లోపల ఆర్ఎన్ఏ, ప్రోటీన్ ఎలా వండాలో చెప్పే రాత! దాన్ని నమిలేసే ఎంజైమ్ పైనుంచి పోసినా సంచిలోది దాదాపు చెక్కుచెదరలేదు.

రాత ఉంది. చదివేదెవరు?

వెలుగు చిమ్మే ఓ చిన్న సముద్రజీవి ప్రోటీన్ తాలూకు జన్యువును క్యాన్సర్ కణాల్లోకి ఎక్కించి, ఆ కణాలు వదిలిన సంచుల్ని ఏరి, మెదడు రక్తనాళాల గోడకణాల మీద పోసి, ఒక రోజు పాటు గంటలు లెక్కపెట్టుకుంటూ కొలుస్తూ పోతే, వెలుగు తగ్గలేదు సరికదా, పెరిగింది. పరాయి రాత అందుకున్న కణాలు ఆ ప్రోటీన్‌ను తామే వండుతున్నాయి! మరో పరీక్షలో ఈ సంచులు తగిలిన గోడకణాలు గొట్టాల్లా అల్లుకున్నాయి. తన తిండికి దారి గడ్డ తానే వేయించుకుంటోందా?

ఆ సంచులు రక్తంలోకీ వస్తాయా? 25 మంది రోగుల సీరం తీశారు. వెతికింది ఈ గడ్డల్లో కనబడే ఒక జన్యు మార్పును: ఈజీఎఫ్ఆర్‌వీ3. ఏడుగురిలో దొరికింది. ఆరోగ్యవంతుల్లో ఒక్కరిలోనూ లేదు. 2008లో 'నేచర్ సెల్ బయాలజీ'లో అచ్చయిన ఆ లెక్కల్లో పేర్లు లేని రెండు వరుసలున్నాయి. ఆ ఇద్దరి పుర్రె తెరిచి, గడ్డలో ముక్క కోసి చూశారు. అందులో ఆ మార్పు కనబడలేదు.

వాళ్ల రక్తంలో కనబడింది.