నాదమా, గ్రంథమా: సంగీత డాక్టరేట్ నియమాల చరిత్ర

సంగీతంలో డాక్టర్ పట్టా పొందగోరే విద్యార్థి నేడు కొన్నేళ్లు పరిశోధించి, ఒక సిద్ధాంత గ్రంథం రాసి, దానిని పరీక్షకుల ఎదుట మౌఖికంగా సమర్థించుకోవాలి. ఇది ఇప్పుడు ఎంత సహజమైన ఏర్పాటుగా కనిపించినా, ఈ పట్టా పుట్టిన తరువాత దాదాపు నాలుగు శతాబ్దాల పాటు దానికోసం ఎవరూ గ్రంథం రాయలేదు. అభ్యర్థి సమర్పించవలసింది ఒక సంగీత రచన, అదీ కొంతకాలానికి గాయకులనూ వాద్యకారులనూ కూర్చి సభలో వినిపించవలసిన రచన. ధ్వనిని సాక్ష్యంగా స్వీకరించే ఆ పద్ధతి పోయి కాగితం మీది వాదం దాని స్థానంలోకి రావడం, ఆ తరువాత నాదానికి మళ్లీ కొంత చోటు దక్కడం ఈ పట్టా చరిత్రలో ముఖ్యమైన మలుపులు.

మధ్యయుగపు యూరప్ విశ్వవిద్యాలయాలలో సంగీతం ఒక కళగా కాక గణితశాస్త్ర శాఖగా ప్రవేశించింది. అంకగణితం, రేఖాగణితం, ఖగోళశాస్త్రం, సంగీతం అనే నాలుగింటిని కలిపి ఒక పాఠ్యవర్గంగా బోధించేవారు. ఆరవ శతాబ్దపు రోమన్ పండితుడు బొయీథియస్ లాటిన్‌లో రాసిన సంగీతశాస్త్ర గ్రంథం అందుకు ఆధారం. తంత్రి పొడవుకూ స్వరానికీ గల నిష్పత్తులను తర్కంతో గ్రహించినవాడే నిజమైన సంగీతజ్ఞుడనీ, పాడేవాడూ వాయించేవాడూ కేవలం చేతిపనివారనీ బొయీథియస్ అభిప్రాయం. ఈ తక్కువచూపు నడుమనే ఇంగ్లండులోని కేంబ్రిడ్జి 1463లో థామస్ సెయింట్‌విక్స్‌కు సంగీతంలో డాక్టర్ పట్టానూ, ఆ మరుసటి ఏడు రాజప్రార్థనామందిరపు గాయకుడైన హెన్రీ అబింగ్డన్‌కు బాచిలర్ పట్టానూ ఇచ్చింది. ఇలాంటి పట్టాలు పొందినవారిలో చాలామంది చర్చిలలో, రాజాస్థానంలో అప్పటికే పేరు మోసిన విద్వాంసులు. విశ్వవిద్యాలయంలో నివసించి చదువుకోవలసిన నిర్బంధం వారికి సాధారణంగా ఉండేది కాదు.

వారిని పరీక్షించే కొలమానంగా రచన నిలబడింది. రాబర్ట్ ఫేర్‌ఫాక్స్ 1504లో కేంబ్రిడ్జి డాక్టర్ అయినప్పుడు సమర్పించిన ఆరాధనా సంగీతం లాంబెత్ సంకలనం అనే పెద్ద చేతిరాత ప్రతిలో నేటికీ ఉంది. అది డాక్టర్ పట్టా కోసం కూర్చినదనే వ్రాత కూడా ఆ ప్రతిలోనే కనబడుతుంది. అయిదు కంఠవర్గాలు వేర్వేరు స్వరక్రమాలను ఏకకాలంలో పాడే ఈ రచనలో కాలప్రమాణాల లెక్కలు ఎంత జటిలంగా అల్లుకున్నాయంటే, దానిని పాడడానికే ఒక శాస్త్రజ్ఞానం కావాలి. బొయీథియస్ అడిగిన నిష్పత్తి జ్ఞానాన్ని ఫేర్‌ఫాక్స్ వ్యాసంగా కాక వినబడే సంగీతంగా చూపించాడు. ఈ పట్టా చరిత్ర మొత్తంలో ఇంతకంటే నిండైన పరీక్ష మరొకటి కనబడదు.

ఆక్స్‌ఫర్డ్‌లో 1636 నాటి శాసనావళి ఈ ఆచారాన్ని అక్షరబద్ధం చేసింది. బాచిలర్ పట్టాకు ఏడేళ్లు సంగీతాన్ని అభ్యసించి అయిదు భాగాల పాట కూర్చాలి. డాక్టర్ పట్టాకు మరో అయిదేళ్లు గడిచిన తరువాత ఆరు లేదా ఎనిమిది భాగాల పాట కూర్చి బహిరంగంగా పాడించాలి. భాగం అంటే ఒక్కొక్క కంఠవర్గం పాడే ప్రత్యేక స్వరపంక్తి. ఎనిమిది పంక్తులు ఒకదానినొకటి చెరపకుండా సాగేలా కూర్చడం సామాన్యమైన పని కాదు. నియమం ఇంత కఠినంగా ఉన్నచోట దానిని దాటే తోవలు కూడా పుట్టాయి. శాసనావళికి ముందే, 1622లో, విలియం హెదర్ అనే గాయకుడు ఆక్స్‌ఫర్డ్ డాక్టర్ అయ్యాడు. తన మిత్రుడైన చరిత్రకారుడు విలియం కామ్డెన్ అక్కడ చరిత్ర పీఠం నెలకొల్పుతూ ఇచ్చిన దానపత్రాన్ని విశ్వవిద్యాలయానికి తెచ్చి అందించినవాడు ఈయనే. ఆ సందర్భంలో వినిపించిన ఎనిమిది భాగాల కీర్తన ఆర్లాండో గిబన్స్ రచన అని ఒక చేతిరాత ప్రతి చెబుతోంది. అంటే పట్టా ఒకరికి దక్కింది, పాట వేరొకరు కట్టారు. అయినా హెదర్‌ను కేవలం అయోగ్యుడిగా కొట్టిపారేయడం న్యాయం కాదు, ఎందుకంటే 1627లో ఆక్స్‌ఫర్డ్‌లో సంగీత పీఠాన్ని నెలకొల్పి, వాద్యాలూ స్వరపుస్తకాలూ ఇచ్చి, వారం వారం సాధన జరగాలని కట్టడి చేసినవాడు ఆయనే. శాస్త్రపాఠంతో పాటు సాధన కూడా విశ్వవిద్యాలయం పనే అన్న గుర్తింపు ఆ కట్టడిలో ఉంది.

పద్దెనిమిదవ శతాబ్దానికి ఈ పట్టా గౌరవంగానూ, ఖర్చుతో కూడిన వ్యవహారంగానూ మారింది. థామస్ ఆర్న్ 1759లోనూ, సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ 1769లోనూ ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లయ్యారు. 1733లో హాండెల్ అక్కడ తన సంగీత నాటకాలను ప్రదర్శించినప్పటికీ పట్టాను మాత్రం స్వీకరించలేదు. 1791 జులైలో హైడన్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చినప్పుడు ఆయన రచన చేసి పరీక్షకు నిలబడవలసిన అవసరం లేకపోయింది. అక్కడ వినిపించిన ఆయన 92వ సింఫనీ, అంటే పూర్తి వాద్యబృందం కోసం కూర్చిన పెద్ద రచన, అప్పటికి కొన్నేళ్ల ముందే సిద్ధమైనదైనా ఆక్స్‌ఫర్డ్ పేరుతోనే స్థిరపడింది. హైడన్ తన దినచర్య పుస్తకంలో ఈ గౌరవానికైన ఖర్చు రాసుకున్నాడు: గంటలు మోగించినందుకు ఒకటిన్నర గినీ, డాక్టర్ అంగీకి అర గినీ, ప్రయాణానికి ఆరు గినీలు. గౌరవ పట్టా పుచ్చుకున్న మహావిద్వాంసుడికే ఇంత ఖర్చు అయినప్పుడు, స్వంత ఖర్చుతో గాయకులనూ వాద్యబృందాన్నీ కూర్చుకొని రచన వినిపించవలసిన మామూలు అభ్యర్థి మీద పడే భారం ఊహించదగినదే.

ఆ భారం కంటే క్రూరమైనది స్త్రీల విషయంలో పాటించిన నిషేధం. ఎలిజబెత్ స్టర్లింగ్ అనే ఆర్గన్ విద్వాంసురాలు 1856లో అయిదు కంఠవర్గాలకూ వాద్యబృందానికీ ఒక కీర్తన కూర్చి ఆక్స్‌ఫర్డ్ బాచిలర్ పట్టా కోసం పంపింది. రచన అంగీకారయోగ్యమైనదే అయినా స్త్రీకి పట్టా ఇచ్చే అధికారం లేదంటూ ఇవ్వలేదు. ఐర్లండు రాయల్ విశ్వవిద్యాలయం 1889లో ఆనీ ప్యాటర్సన్‌కు సంగీత డాక్టర్ పట్టా ఇచ్చింది. ఆక్స్‌ఫర్డ్ పరీక్షలలో ఎప్పుడో నెగ్గిన ఎమిలీ డేమండ్ మాత్రం, స్త్రీలకు పట్టాలు ఇవ్వడం 1920లో మొదలయ్యేదాకా ఆగి 1921లో డాక్టర్ కావలసి వచ్చింది. ఎనిమిది స్వరపంక్తులను పొరపాటు లేకుండా కూర్చగల విదుషికి ఆ చదువుకు తగిన పేరు ఇవ్వడానికి ఒక తరం పట్టడం ఆ విశ్వవిద్యాలయ చరిత్రకు మచ్చ.

ఇంగ్లండు ఇలా రచన చుట్టూ తిరుగుతున్న కాలంలోనే జర్మన్ భాషా దేశాలలో మరొక ఆలోచన బలపడింది. విశ్వవిద్యాలయపు పని ఉన్న జ్ఞానాన్ని అప్పగించడంతో ఆగక కొత్త జ్ఞానాన్ని కనుగొనడం కూడానని అక్కడ భావించారు. ఆ కనుగొన్నదానిని ఆధారాలతో నిరూపించే గ్రంథమే డాక్టర్ పట్టాకు ప్రమాణమైంది. సంగీత సౌందర్యంపై 1854లో పుస్తకం వెలువరించిన ఎడ్వర్డ్ హాన్స్‌లిక్ దాని బలంతోనే 1856లో వియన్నాలో బోధనాధికారం పొందాడు. గ్విడో ఆడ్లర్ 1885లో ప్రచురించిన వ్యాసం సంగీతశాస్త్రాన్ని చారిత్రక శాఖగానూ సూత్రపరమైన శాఖగానూ విభజించి, పాత లిపులు చదవడం, శైలుల కాలక్రమం తేల్చడం, ధ్వనిశాస్త్రం, ఇతర జాతుల సంగీతాల పోలిక మొదలైనవాటికి స్థానం చూపింది. ఆడ్లర్ వద్ద 1903లో ఎల్సా బీనెన్‌ఫెల్డ్ అనే స్త్రీ డాక్టర్ అయింది. ఇరవయ్యవ శతాబ్దపు సంగీతాన్నే మలుపు తిప్పిన ఆంటన్ వెబర్న్ 1906లో అదే పట్టా పొందాడు. వెబర్న్ సమర్పించినది తన స్వంత రచన కాదు. పదిహేను, పదహారు శతాబ్దాల సంధిలో జీవించిన హైన్రిహ్ ఈజాక్ ఆరాధనా సంగీతంలో ఒక భాగానికి శుద్ధప్రతి. శుద్ధప్రతి అంటే మన తాళపత్ర పరిష్కర్తలు చేసినట్టు ప్రతులను సరిపోల్చి పాఠం నిర్ణయించడం. పాత పంక్తులను ఒక్కొక్కటిగా విడదీసి చూసిన ఆ అభ్యాసం తరువాత ఆయన స్వంత రచనలలోని పొదుపైన అల్లికకు తోడ్పడిందని విమర్శకులు చెప్పడం సమంజసంగానే ఉంది.

అమెరికాలో ఈ రెండు మార్గాలూ కలుసుకున్నాయి, ఢీకొన్నాయి కూడా. 1905లో హార్వర్డ్ నుంచి లూయీ కోర్న్ ఆధునిక వాద్యబృంద రచన పరిణామంపై గ్రంథం రాసి డాక్టర్ అయ్యాడు. 1932లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి ముర్రే బార్బర్ సమస్వర విభజన చరిత్రపై, అంటే సప్తకాన్ని పన్నెండు సమానమైన మెట్లుగా శ్రుతి చేసే పద్ధతి చరిత్రపై, సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. రచయితలూ గాయకులూ వాద్యకారులూ విశ్వవిద్యాలయ ఉద్యోగాలలోకి రావడంతో, వారి నైపుణ్యాన్ని చరిత్రకారుల తూకంతో కొలవడం తగదన్న వాదన పెరిగింది. హవర్డ్ హాన్సన్ నాయకత్వంలో ఈస్ట్‌మన్ సంగీత పాఠశాల 1950 దశకంలో కళా డాక్టర్ పట్టాను ప్రవేశపెట్టిన తరువాత, కచేరీలే ఆ పట్టాకు ప్రధానమైన అర్హతలయ్యాయి. ఇలాంటి పట్టాలకు సాధారణంగా కొన్ని పూర్తి కచేరీలు, సంగీత చరిత్ర, సిద్ధాంతాలపై సమగ్ర పరీక్ష, తరచుగా ఒక ప్రసంగ కచేరీ, అంటే వాయిస్తూ వివరించే సభ, చివర ఒక పరిమితమైన వ్యాసం అడుగుతారు. మరోవైపు మిల్టన్ బాబిట్ 1946లో పన్నెండు స్వరాల పద్ధతిపై సమితుల గణితభాషలో రాసిన గ్రంథాన్ని ప్రిన్‌స్టన్ ఆమోదించలేదు. 1992లో, ఆయన అక్కడే ఆచార్యుడిగా దీర్ఘకాలం పనిచేసిన తరువాత, అదే గ్రంథానికి పట్టా ఇచ్చింది. సంగీతాన్ని గణితంగా బోధించిన బొయీథియస్ పరంపరకు వారసులైన విశ్వవిద్యాలయాలలోనే సంగీత గణితానికి ఈ గతి పట్టింది.

తెలుగు పాఠకుడికి ఈ వివాదం కొత్తది కాదు. లక్ష్యం అంటే పాడుకలో ఉన్నది, లక్షణం అంటే శాస్త్రంలో చెప్పినది. ఈ రెండూ విడిపోయినప్పుడు సమన్వయించడమే లక్షణ గ్రంథకర్తల పని. విజయనగరపు అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధిని రచించింది అలాంటి విభేదాన్ని తొలగించడానికే. సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం సంస్థానపు ఆదరణతో 1904లో తెలుగులో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఈ దృష్టికి పరాకాష్ఠ. పదిహేడు వందల పుటల ఈ గ్రంథంలో ఒక్కొక్క రాగానికి మొదట లక్షణం, ఆ వెంట గీతం, తానం, కీర్తన, సంచారి వరుసగా వస్తాయి; స్వరాల మీద గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి, నొక్కి పలికించే విధానాలకు, ప్రత్యేకమైన గుర్తులు ఉంటాయి. వాదాన్నీ దాని ధ్వనినీ ఒకే పుటలో ఉంచిన ఈ పుస్తకానికి ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వలేదు, అది అడగనూ లేదు. కానీ కర్ణాటక సంగీతం మీద నేడు సమర్పించే సిద్ధాంత గ్రంథాలలో దీనిని ఉదహరించనివి అరుదు.

విదేశీ విశ్వవిద్యాలయాలలో భారతీయ సంగీతంపై పట్టాలు కూడా మొదట గ్రంథ పరిష్కారంతోనే ఆరంభమయ్యాయి. డచ్ పండితుడు ఆర్నల్డ్ బాకే 1930లో దామోదరుని సంగీతదర్పణంలోని తొలి అధ్యాయాలను అనువదించి డాక్టర్ అయ్యాడు. మద్రాసుకు వచ్చి చదువుకున్న హెరాల్డ్ పవర్స్ 1959లో ప్రిన్‌స్టన్‌కు దక్షిణ భారత రాగపద్ధతి నేపథ్యంపై గ్రంథం సమర్పించాడు. ఇతర జాతి సంగీతాన్ని పరిశోధించేవాడు ముందు దానిని పాడడమో వాయించడమో నేర్వాలని మాంటిల్ హుడ్ లాస్ ఏంజెలెస్‌లో పట్టుబట్టిన తరువాత దృశ్యం మారింది; రాబర్ట్ బ్రౌన్ మృదంగం నేర్చుకొని, దాని మీదే 1965లో డాక్టర్ అయ్యాడు. వీణ ధనమ్మాళ్ మనుమడు, వేణు విద్వాంసుడు టి. విశ్వనాథన్ 1970 దశకంలో వెస్లియన్ విశ్వవిద్యాలయానికి రాగాలాపనపై సిద్ధాంత గ్రంథం సమర్పించడంతో, కుటుంబ పరంపరగా క్షేత్రయ్య తెలుగు పదాలను పాడుకుంటూ వచ్చిన ఇంటి విద్య నేరుగా పరిశోధనా విషయమైంది. చెవికీ వేలికీ ఉన్న జ్ఞానాన్ని ఆ విద్య గలవాడే విశ్లేషించి రాయగల స్థితి అది.

భారతదేశంలో ఇప్పుడు అన్ని విషయాలకూ ఉమ్మడిగా వర్తించే విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నియమాల ప్రకారం పరిశోధనకు కనీసం మూడేళ్లు, పునర్నమోదు లేకుండా గరిష్ఠంగా ఆరేళ్లు కాలం ఉంటుంది. ప్రారంభంలో పాఠ్యాంశాల అధ్యయనం, చివర బాహ్య పరీక్షకుల పరిశీలన, బహిరంగ మౌఖిక పరీక్ష తప్పనిసరి. అంతకు ముందరి నియమాలు కోరిన పత్రికా ప్రచురణ నిర్బంధాన్ని ఈ నియమాలు తొలగించాయి. సంగీత పరిశోధకుడికి ఈ చట్రం కొంత ఇరుకు. తోడి రాగపు గాంధారం ఒక్కొక్క బాణీలో ఎలా ఊగుతుందో చెప్పవలసినవాడు అక్షరాలతో, స్వరలిపితో దాని చుట్టూ ఎంత తిరిగినా, చివరికి ఆ గాంధారాన్ని పరీక్షకుడి చెవికి అందించక తప్పదు. మౌఖిక పరీక్షలో పాడి చూపడం, గ్రంథానికి ధ్వనిముద్రణలను జోడించడం ఇప్పటికే పలువురు చేస్తున్న పని. వాటిని అనుబంధంగా కాక గ్రంథంలో విడదీయరాని భాగంగా గుర్తించే నియమం రావాలి. ఆ నియమం రాసేవారికి ఫేర్‌ఫాక్స్ కాలపు కేంబ్రిడ్జి కంటే దగ్గరి నమూనా సుబ్బరామ దీక్షితుల పుటలలో ఉంది.