ధర్మాసనము - తుపాకి

న్యాయస్థానమున కూర్చుండు న్యాయమూర్తి ఆత్మరక్షణకై తుపాకి ధరింపవచ్చునా? అమెరికాలోని కొన్ని రాష్ట్రములు ధరింపవచ్చుననియే చెప్పుచున్నవి. మంచిచెడ్డలు తేల్చుకొనుటకు ముందు ఆ దేశమందే జరిగిన ఒక పాత వృత్తాంతమును మనము స్మరింతము.

1848లో బంగారము బయటపడగానే కాలిఫోర్నియాకు జనము వెల్లువవలె తరలిరి. చట్టముకన్న పిస్తోలు ముందు నడచిన రోజులవి. శాసనసభకు సైతము పలువురు సభ్యులు ఆయుధములతో వచ్చుచుండిరి. స్టీఫెన్ ఫీల్డు అను యువ న్యాయవాదియు ఆ కాలమున పిస్తోళ్లు ధరించినవాడే. 1857లో ఆయన ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టున న్యాయమూర్తి యయ్యెను. అచ్చట ఆయన సహచరుడు డేవిడ్ టెర్రీ. 1859లో టెర్రీ ప్రధాన న్యాయమూర్తి పదవిని వీడి, బ్రోడెరిక్ అను సెనేటరును ద్వంద్వయుద్ధమున చంపెను. ఖాళీయైన పీఠము ఫీల్డునకు దక్కినది. 1863లో లింకన్ ఆయనను దేశపు సుప్రీముకోర్టునకు నియమించెను.

ఏండ్లు గడచినవి. సారా హిల్ అను స్త్రీ తాను షారన్ అను కోటీశ్వరుని భార్యనని వ్యాజ్యమాడినది. ఆమె పక్షమున వాదించిన టెర్రీ 1886లో ఆమెనే వివాహమాడెను. 1888 సెప్టెంబరు 3న శాన్ ఫ్రాన్సిస్కోలో ఫీల్డు ఆమెకు ప్రతికూలముగా తీర్పు చదువుచుండగా, ఆమె లేచి న్యాయమూర్తి లంచము తినెనని కేకలు వేసినది. ఆమెను వెలుపలికి పంపబోయిన అధికారిని టెర్రీ కొట్టి, కత్తి దూసెను. ఆయుధము లాగుకొనిన వారిలో డేవిడ్ నీగిల్ ఒకడు. కోర్టు ధిక్కారమునకు టెర్రీకి ఆరు నెలలు, సారాకు నెల దినములు జైలు పడినది. ఫీల్డును విడిచిపెట్టబోమని వారు బాహాటముగనే చెప్పుచు వచ్చిరి.

మరుసటి యేడు ఫీల్డు మరల కాలిఫోర్నియాకు పోవలసి వచ్చినప్పుడు, ఆయుధము వెంట నుంచుకొనుడని హితులు బోధించిరి. ఆయన ఒప్పుకొనలేదు. న్యాయమూర్తులు ఆయుధములు ధరింపక తప్పని రోజు వచ్చినచో న్యాయస్థానములు మూసివేయుటయే మేలని ఆయన అభిప్రాయము. ప్రభుత్వము నీగిల్‌ను అంగరక్షకునిగా నియమించినది. 1889 ఆగస్టు 14న లాత్రోప్ స్టేషనులో ఫీల్డు ఉదయపు ఫలాహారము చేయుచుండగా టెర్రీ వెనుకనుండి వచ్చి చెంపమీద కొట్టెను. నీగిల్ రెండుమార్లు కాల్చగా టెర్రీ కూలెను. వెదకిచూడగా అతనివద్ద ఆయుధమే లేదు!

నీగిల్‌ను హత్యానేరముపై నిర్బంధించిరి. ఫీల్డుపైనను వారంటు పుట్టినది గాని నిలువలేదు. 1890లో సుప్రీముకోర్టు, న్యాయమూర్తిని కాపాడుట నీగిల్ విధియేనని తీర్మానించి అతనిని విడుదల చేసినది. ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయమిచ్చిరి. ఫీల్డు ఆ విచారణలో పాల్గొనలేదు.

ఆ తుపాకి ఫీల్డు చేతిలోనే పేలియున్నచో ఏమగును? నిరాయుధుని చంపిన న్యాయమూర్తి, చనిపోయినవాని భార్యకు ప్రతికూలముగా లోగడ ఇచ్చిన తీర్పు ధర్మబుద్ధితో ఇచ్చినదేనని లోకము నమ్మునా?

అయితే భయము నిరాధారమని చెప్పజాలము. 1871లో కలకత్తాలో తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి నార్మన్ న్యాయసభ మెట్లమీద కత్తిపోటుకు బలియయ్యెను. విప్లవకారుడు దినేశ్ గుప్తాకు ఉరిశిక్ష విధించిన గార్లిక్ 1931లో కోర్టులోనే కాల్పులకు గురియై మరణించెను. 2005లో అట్లాంటాలో ఒక ఖైదీ, తనకు కావలియున్న అధికారిణి తుపాకినే చేజిక్కించుకొని కోర్టులో న్యాయమూర్తిని కాల్చెను. ఇట్టి హఠాత్ సంఘటనలలో జేబులోని పిస్తోలు ఏమాత్రము అక్కరకు వచ్చెడిదో ఊహింపవచ్చును. పైగా, ఒక తుపాకి హెచ్చినచో లాగుకొనుటకు మరియొకటి దొరకినట్లే.

మన ప్రాచీనులు ఈ విషయమును యోచింపకపోలేదు. బృహస్పతి స్మృతి న్యాయసభకు పది అంగములు చెప్పినది. అందు తీర్పు చెప్పువాడు వేరు, జనులను పిలిచి కావలియుండు స్వపురుషుడు వేరు. తూచు చేయి, కొట్టు చేయి ఒకటి కారాదన్న వివేకము ఇందు మనకు గోచరించుచున్నది.

కావున న్యాయమూర్తికి రక్షణ కల్పించు బాధ్యత ప్రభుత్వముది, ప్రజలది. అది కొరవడినప్పుడు ఆయన చేతికి తుపాకి నిచ్చి, మన బాధ్యత తీరినదని చేతులు దులుపుకొనుట తగదు. ధర్మాసనము ముందు నిలుచు పేదవాడు న్యాయమూర్తి ముఖమువంక చూడవలెను గాని, ఆయన నడుమువంక చూడరాదు.