కేప్‌టౌన్: కాలినడకన, కంచం ముందు

కేప్‌టౌన్ అనగానే మనవాళ్లలో చాలామందికి టీవీలో చూసిన న్యూలాండ్స్ క్రికెట్ మైదానం గుర్తొస్తుంది. బౌలర్ పరుగెత్తుకొస్తుంటే వెనక నిటారుగా కొండ. ఇక్కడ స్థిరపడ్డ కొత్తలో నా దగ్గరికి వచ్చిన చుట్టాలకు నేను చూపించినవీ అలాంటివే. కేబుల్ కారులో టేబుల్ మౌంటెన్, రేవు దగ్గర షాపింగ్, ఒడ్డున పెంగ్విన్లు. రెండు రోజుల్లో ఊరు అయిపోయేది, ఫోన్ నిండా ఫొటోలు మిగిలేవి.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు కాలినడకన తిప్పిస్తున్నాను. ఆ సాయంత్రం ఎవరింట్లోనో భోజనానికి కూర్చోబెడుతున్నాను. ఎందుకంటారా? ఈ ఊళ్లో కట్టినవి చూస్తే పాలించినవాళ్ల సంగతి తెలుస్తుంది. కూల్చేసినవాటి సంగతి చెప్పాలంటే మనిషే చెప్పాలి. కేప్‌టౌన్‌లో కట్టినవాటికన్నా కూల్చినవాటి కథే పెద్దది.

ఇలాంటి నడకలు ఇక్కడ పెద్ద రివాజు. పదీ పదిహేను మంది, రెండు మూడు గంటలు, ముందు నడుస్తూ ఒక గైడ్. కొన్నింటికి టికెట్టు ఉంటుంది, కొన్నింటికి చివర్లో మనకు తోచింది ఇవ్వడమే. గైడ్ ఎవరన్నదాన్ని బట్టి ఒకే వీధి రెండు వీధులవుతుంది. చరిత్ర చదువుకున్న కుర్రాడైతే తేదీలు గడగడా చెబుతాడు. ఆ వీధిలో పుట్టి పెరిగి, అక్కడి నుంచి గెంటించుకున్న పెద్దాయనైతే ఖాళీ స్థలం ముందు ఆగి, ఫలానా ఇంటి మెట్ల మీద ఎవరు కూర్చునేవాళ్లో చెబుతాడు.

నడక మామూలుగా కోట దగ్గర మొదలవుతుంది. 1652 ఏప్రిల్‌లో యాన్ వాన్ రీబీక్ అనే డచ్చి ఉద్యోగి ఇక్కడ దిగాడు. రాజ్యం కట్టడానికి కాదు, కూరగాయలు పండించడానికి. హాలండు నుంచి బటేవియాకు, అంటే నేటి జకార్తాకు, వెళ్లే ఓడల్లో నావికులు తాజా తిండి లేక స్కర్వీ జబ్బుతో చచ్చిపోతుండేవాళ్లు. దారి మధ్యలో నీళ్లు, మాంసం, ఆకుకూరలు దొరికే మజిలీ ఒకటి కావాలి. అదీ పని. ఆ పనికి పంపింది డచ్ ఈస్టిండియా కంపెనీ. మన బందరులో వలందపాలెం అని ఒక పేట ఉందే, దానికి ఆ పేరు తెచ్చిపెట్టిన వాళ్లే వీళ్లు. ఒక చేత్తో బందరులో కలంకారీ గుడ్డలు కొన్నారు, ఇంకో చేత్తో ఇక్కడ క్యాబేజీ నాటారు.

మాంసానికి పశువులు కావాలి. పశువులు ఇక్కడి ఖోయిఖోయి జనానివి. మొదట రాగికీ పొగాకుకూ మారకం జరిగింది. తర్వాత వాళ్ల మేత భూముల్నే కంపెనీ దున్నడం మొదలుపెట్టింది. 1659లో యుద్ధం వచ్చింది. మరుసటేడు ఖోయిఖోయిలు లోపలికి రాకుండా వాన్ రీబీక్ అడవి బాదం చెట్లతో కంచె నాటించాడు. ఆ కంచెలో కొంత భాగం కిర్‌స్టెన్‌బాష్ తోటలో ఈనాటికీ పచ్చగా ఉంది. పిక్నిక్‌కు వచ్చినవాళ్లు దాని పక్కనే దుప్పటి పరుచుకుంటారు. ఈ దేశంలో మనుషుల్ని విడదీసిన మొదటి గీత అదేనని గైడ్లు చెబుతారు. రాతికోట దాని తర్వాతిది, 1666లో మొదలై 1679కి పూర్తయింది.

అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే ఆడర్లీ వీధి చివర స్లేవ్ లాడ్జ్ వస్తుంది. 1679లో కంపెనీ తన బానిసల్ని ఉంచడానికి కట్టిన ఇల్లు. తర్వాతి కాలంలో అదే భవనం సుప్రీంకోర్టయింది, ఆపైన మ్యూజియం అయింది. బానిసల పేరు దానికి తిరిగొచ్చింది 1998లోనే. అంటే మూడు శతాబ్దాల పాటు నిలబడి ఉన్న భవనం కూడా తన కథ తాను చెప్పలేకపోయింది.

కేప్‌కు తెచ్చిన బానిసలు అరవై వేలకు పైనే. 1808లో బ్రిటిషువాళ్లు ఆ వ్యాపారం ఆపేదాకా ఓడలు వస్తూనే ఉన్నాయి. వాళ్లలో కొందరు మడగాస్కర్ నుంచి, కొందరు మొజాంబిక్ వైపు నుంచి, కొందరు ఇండొనేసియా దీవుల నుంచి. దాదాపు నాలుగో వంతు మంది మన దేశం నుంచి. ఇది విన్నప్పుడు మా చుట్టాలు ఆగిపోతారు. దక్షిణాఫ్రికాలో మనవాళ్లంటే 1860లో మద్రాసు నుంచి డర్బన్‌కు చెరుకు తోటల కూలికి వెళ్లినవాళ్లనే అందరికీ తెలుసు. వాళ్లకు రెండు వందల ఏళ్ల ముందే బెంగాల్, మలబార్, కోరమాండల్ తీరాల నుంచి కొనుక్కొచ్చిన మనుషులు ఈ ఊళ్లో వంట వండారు, బట్టలు కుట్టారు, ఇళ్లు కట్టారు. కోరమాండల్ తీరంలో కరువో యుద్ధమో వచ్చిన ఏడాది మనుషుల ధర పడిపోయేది, డచ్చి ఓడలు నిండేవి.

స్లేవ్ లాడ్జ్ వెనక చర్చ్ స్క్వేర్‌లో నల్లరాతి దిమ్మెలు పదకొండు ఉన్నాయి, 2008లో పెట్టారు. వాటి మీద బానిసల పేర్లు చెక్కారు. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావవి, కొన్నవాడు పెట్టినవి. దిగిన నెలను బట్టి ఒకడు ఫెబ్రవరి, ఒకడు సెప్టెంబర్. యజమాని సరదా కొద్దీ ఒకడు క్యుపిడ్, ఒకడు టైటస్. ఇంటిపేరు ఉండాల్సిన చోట ఓడ ఎక్కిన తీరం పేరు: బెంగాల్ వాడు, మలబార్ వాడు, కోస్తా వాడు. ఆ కోస్తాలో నాగపట్నం ఉంది, పులికాట్ ఉంది, బందరూ భీమునిపట్నమూ ఉన్నాయి. గుమాస్తాకు అంతకు మించి రాయాల్సిన పని పడలేదు. నేటికీ కేప్‌టౌన్‌లో సెప్టెంబర్, ఫెబ్రవరి అనే ఇంటిపేర్లున్న కుటుంబాలున్నాయి.

తర్వాతి మజిలీ క్వీన్ విక్టోరియా వీధిలో హైకోర్టు భవనం ముందు రెండు బెంచీలు. ఒకదాని మీద తెల్లవాళ్లకు మాత్రమే అనీ, రెండోదాని మీద తెల్లవాళ్లు కానివాళ్లకు అనీ రాసి ఉంటుంది. అక్కడ అవి ఎందుకంటే, ఎవరు ఏ జాతో తేల్చే విచారణలు లోపల జరిగేవి. 1950 చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసింది. బానిసల వారసులు, ఖోయిఖోయి వారసులు, వేర్వేరు జాతుల తల్లిదండ్రులకు పుట్టినవాళ్లు అందరినీ కలిపి ‘కలర్డ్’ అనే గంపలో వేశారు. జుట్టులో పెన్సిల్ దూర్చి, అది జారి పడుతుందా నిలుస్తుందా అని చూసి తీర్పు చెప్పిన రోజులవి. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములు వేర్వేరు జాతులయ్యారు. గైడ్ ఇక్కడ ఎక్కువ మాట్లాడడు. ఏ బెంచీ మీద కూర్చుంటారో కూర్చోండి అంటాడు.

సాయంత్రానికి బో-కాప్ చేరతాం. సిగ్నల్ హిల్ వాలు మీద గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగుల ఇళ్లు, రాళ్లు పరిచిన ఎగుడు వీధులు. తూర్పు దీవుల నుంచి డచ్చివాళ్లు బానిసల్నే కాదు, తమకు ఎదురుతిరిగిన పండితుల్నీ పట్టి తెచ్చారు. టిడోర్ దీవి నుంచి 1780లో ఖైదీగా వచ్చిన తువాన్ గురు రాబెన్ ఐలాండ్‌లో శిక్ష అనుభవిస్తూ ఖురాన్ మొత్తాన్ని జ్ఞాపకం నుంచి రాశాడు. మండేలా ఉన్న ద్వీపమే అది, మండేలా కన్నా చాలా ముందు. విడుదలయ్యాక డార్ప్ వీధిలో ఆయన నడిపిన ఔవల్ మసీదు 1794 నాటిది, ఈ దేశంలో మొట్టమొదటిది. ఆ స్థలం విడుదలైన బానిస కుటుంబానిది.

బేసిల్ డి ఒలివేరా క్రికెట్ నేర్చుకున్నదీ ఈ కొండవాలు మీదే. కలర్డ్ ముద్ర వల్ల సొంత దేశానికి ఆడే వీల్లేక ఇంగ్లండు వెళ్లి ఆ జట్టులో చేరాడు. 1968లో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టాడు. ఆపైన దక్షిణాఫ్రికా వచ్చే ఇంగ్లండు జట్టులో అతని పేరు ఉందని ప్రధాని వోర్‌స్టర్ ఆ జట్టును రానివ్వనన్నాడు. పర్యటన రద్దయింది, రెండేళ్లలో దక్షిణాఫ్రికా ప్రపంచ క్రికెట్ నుంచే వెలి అయింది. మళ్లీ వాళ్లు అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 1991 నవంబర్‌లో, మన ఈడెన్ గార్డెన్స్‌లో. ఆ రోజు రేడియోకో టీవీకో అతుక్కుపోయిన మనవాళ్లెందరో ఉన్నారు. దాని వెనక కథ ఈ వీధిది.

భోజనాలు ఇక్కడి ఇళ్లలోనే. పర్యాటకుల్ని ఇంటికి పిలిచి, వంట నేర్పి, వడ్డించి, కథ చెప్పడం ఇక్కడ చాలామంది ఆడవాళ్లకు జీవనోపాధి. పెద్దావిడ ఎవరైనా ఇక్కడా ఆంటీయే. మేం వెళ్లే ఇంటి ఆంటీ ముందు సమోసా మడత పెట్టిస్తుంది. మా అత్తయ్య మడతను చూసి పాస్ మార్కులు వేసింది. బల్ల మీదకు రొట్టె, కోడి కూర, ఎండుద్రాక్షలు వేసిన పసుపు అన్నం, కీమా మీద గుడ్డు పోసి కాల్చిన బొబోటీ, మామిడి పచ్చడి వస్తాయి. చింతపండు పులుసులో ఉడికిన మాంసం ఒకటి ఉంటుంది, డెనింగ్‌ఫ్లేస్ అంటారు. అత్తయ్య ఒక ముద్ద తిని, ఇందులో ఇంకాస్త కారం పడాలి అంది. ఆంటీ నవ్వి, మా నానమ్మ కూడా అదే అనేది అంది.

కథ మొదలయ్యేది కంచాలు సగం అయ్యాకే. ఆంటీ పుట్టింది బో-కాప్‌లో కాదు, ఊరికి అటు పక్కన డిస్ట్రిక్ట్ సిక్స్‌లో. ఆ పేటను ఖాళీ చేయించడం మ్యూజియంలో ఫలకం మీద ఒక తేదీ: 1966 ఫిబ్రవరి 11న ఆ పేటను తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించారు, పదిహేనేళ్లలో అరవై వేల మందికి పైగా ఖాళీ చేయించి ఇళ్లు నేలమట్టం చేశారు. బల్ల దగ్గర అది నాన్న కుట్టుమిషన్ను లారీలో ఎక్కించిన పొద్దు. కేప్ ఫ్లాట్స్ అనే ఇసుక మేటలో కొత్త ఇల్లు, పనికి వెళ్లాలంటే రెండు బస్సులు. పక్కింటి క్రైస్తవులు ఒక కాలనీకి, వీళ్లు ఇంకో కాలనీకి. రంజానుకు వంటకాల పళ్లెం, క్రిస్మస్‌కు కేకు గోడ మీదుగా అందుకున్న ఇళ్లవి. జాతుల లెక్కలో చట్టం అందరినీ ఒకే గంపలో వేసింది గానీ, ఇరుగుపొరుగును మాత్రం మిగల్చలేదు.

మర్నాడు ఆ పేటకే వెళతాం. ఊరి నడిబొడ్డున గడ్డి మొలిచిన ఖాళీ స్థలాలు, మధ్యలో ఒంటరిగా నిలిచిన మసీదులు, చర్చిలు. గుళ్లను కూల్చడానికి మాత్రం వాళ్లకు చేయి రాలేదు. బ్యూటెన్‌కాంట్ వీధిలో పాత మెథడిస్టు చర్చిలో 1994లో డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం తెరిచారు. నేల మీద పేట మొత్తం పటంగా పరిచి ఉంటుంది. తిరిగొచ్చినవాళ్లు వంగి తమ ఇల్లున్న చోట పేరు రాశారు. కూల్చివేత పనిలో ఉన్న ఒకతను దాచిపెట్టిన వీధి పేర్ల బోర్డులు పైనుంచి వేలాడుతున్నాయి. అక్కడ వివరాలు చెప్పేవాళ్లు చాలామంది ఆ పేట మనుషులే. మండేలా జైలు నుంచి బయటికొచ్చి, ఆ మ్యూజియానికి నాలుగడుగుల దూరంలోని సిటీ హాల్ బాల్కనీ నుంచి జనంతో మాట్లాడింది కూడా ఒక ఫిబ్రవరి 11నే, 1990లో. 2004లో మళ్లీ అదే తేదీన మొదటి ఇద్దరు నిర్వాసితులకు కొత్త ఇళ్ల తాళాలు అందించాడు. ఎదురుచూస్తూనే పోయినవాళ్లు చాలామంది.

ఆ స్థలాలకు పైన కొండ అంచున సాగే పెద్ద రోడ్డుకు 2017లో ఫిలిప్ కొసానా పేరు పెట్టారు. 1960 మార్చి 30న, ఊరి బయట లంగా పేట నుంచి దాదాపు ముప్పై వేల మంది నల్లజాతివాళ్లు, ఎక్కడికెళ్లినా పాసు చూపాలనే పాస్ చట్టాలకు వ్యతిరేకంగా, ఈ దారినే నడిచొచ్చారు. ముందు నడిచిన కొసానా 23 ఏళ్ల విద్యార్థి. మంత్రితో మాట్లాడిస్తామన్న మాట నమ్మి జనాన్ని వెనక్కి పంపాడు. సాయంత్రం మాట్లాడటానికి వెళితే అరెస్టు చేశారు. ఈ ఊళ్లో కాలినడక అంటే అదీ ఒకటి.

ఇదంతా సంతలో సరుకైపోవడం లేదా అని మీరడగొచ్చు. అవుతోంది. బో-కాప్ గుమ్మాల మీద పర్యాటకులు అడక్కుండానే కూర్చుని ఫొటోలు దిగుతారు. రంగుల ఇళ్ల పేరుతో ధరలు పెరిగి, పన్నులు కట్టలేక పాతవాళ్లు అమ్ముకుంటున్నారు. 2018లో అక్కడివాళ్లు వీధులకడ్డంగా కూర్చుని గొడవ చేశాకే, మరుసటేడు కొన్ని చోట్లకు జాతీయ వారసత్వ గుర్తింపు వచ్చింది. 2003లో ప్రెస్ట్‌విచ్ వీధిలో భవనానికి పునాదులు తవ్వుతుంటే రెండున్నర వేల అస్థిపంజరాలు బయటపడ్డాయి, పేరు లేని పేదలవి, బానిసలవి. వాటిని భద్రపరిచిన స్మారక భవనంలోనే కాఫీ షాపు పెట్టారు. అయినా ఆంటీ ఇంటి భోజనానికి ఇచ్చే డబ్బు నాకు ఎక్కువనిపించదు. కథ ఎలాగూ అమ్ముడవుతుంది. దాన్ని బతికినవాళ్ల చేతికి డబ్బు అందడమే మేలు.

మన దగ్గరా ఇప్పుడు చారిత్రక నడకలు మొదలయ్యాయి, సంతోషం. అవి ఎక్కువగా చార్మినార్ చుట్టూ, కోటల్లో, దేవిడీల్లో సాగుతాయి. బందరులో, భీమిలిలో డచ్చి దొరల సమాధులున్నాయి, వాటి మీద పేర్లు, హోదాలు, తేదీలు చక్కగా చెక్కి ఉన్నాయి. ఆ దొరలు ఓడెక్కించిన మనుషుల గుర్తు ఆ తీరంలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఇక్కడ, చర్చ్ స్క్వేర్‌లో, పరాయి పేర్లతో. బందరులో ఎవరైనా కుర్రాళ్లు నడక మొదలుపెడితే సమాధుల దగ్గర ఆపకండి. రేవు దాకా తీసుకెళ్లి ఆ ఓడల సంగతి కూడా చెప్పండి. ఆ తర్వాత వలందపాలెంలో ఎవరింట్లోనైనా భోజనం పెట్టించండి. అక్కడి పెద్దవాళ్లకు ఏం గుర్తున్నాయో అడగడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.