చిన్న వ్యాను – విద్యుచ్ఛక్తి

రొట్టెలు, పాలు, ఉత్తరాలు, మందులు ప్రతిదినము ఇంటింటికి, అంగడి అంగడికి చేరవలసిన వస్తువులు. వీటికి పెద్ద లారీ అవసరము లేదు. మామూలు కారులో చోటు చాలదు. ఈ రెంటికి నడుమ పుట్టినదే చిన్న వ్యాను. ఫ్రాన్సు దేశములో దీని చరిత్ర స్పష్టమైన క్రమములో సాగినది. పెట్రోలుతోను, డీసెలుతోను నడిచిన ఈ బండి విద్యుచ్ఛక్తితో నడిచే బండిగా మారుటకు చాలాకాలము పట్టినది. ఆలస్యమునకు కారణము మోటారు కాదు, బ్యాటరీ బరువు.

కారు నుండి వ్యాను

1951 లో సిత్రొయెన్ సంస్థ '2 సి.వి.' అనే తన చవక కారును ఆధారము చేసికొని ఒక చిన్న వ్యానును తయారు చేసినది. కారు ముందు భాగమును అట్లే ఉంచి, వెనుక ముడతల రేకుతో ఒక పెట్టెను అమర్చినారు. ఇంజను పరిమాణము 375 ఘనపు సెంటీమీటర్లు. బండి మోయగల బరువు 250 కిలోగ్రాములు. వేగము స్వల్పమే అయినా రైతులకు, చిల్లర వర్తకులకు, తపాలావారికి అది ఎంతో ఉపకరించినది. 1961 లో రెనో సంస్థ తన 'రెనో 4' కారునుండి ఇటువంటి వ్యానునే రూపొందించినది. నిచ్చెనవంటి పొడవైన సామాను పట్టుటకు దాని పైకప్పు వెనుక కొసన ఒక చిన్న మూత కూడ ఉండేది.

ఈ రెండు బండ్లలోను ఇంజను ముందు చక్రాలనే త్రిప్పుతుంది. కాబట్టి వెనుక చక్రాలకు శక్తిని చేర్చే పొడవైన కడ్డీ బండి అడుగున ఉండనక్కరలేదు. అందుచేత సరుకు పెట్టే అడుగుభాగము బల్లపరుపుగా, నేలకు దగ్గరగా అమరినది. సరుకు ఎత్తి దింపుట సులభమైనది. బండి అడుగున మిగిలిన ఈ చోటు తరువాతి కాలములో మరొక విధముగా అక్కరకు వచ్చినది.

1985 లో వచ్చిన 'రెనో ఎక్స్‌ప్రెస్' కూడ కారుకు పెట్టె తగిలించిన బండియే. 1997 లో వెలువడిన 'కాంగూ'తో ఆ పద్ధతి మారినది. ముందు భాగము, సరుకు గది కలిసి ఒకే శరీరముగా రూపొందినవి. ఇరుకు వీధులలో సరుకు దింపుటకు వీలుగా ప్రక్కకు జరిగే తలుపు అమర్చినారు. ఉత్తర ఫ్రాన్సులోని మొబ్యూజ్ కర్మాగారము ఈ బండికి పుట్టినిల్లు.

బరువు లెక్క

విద్యుత్తుతో సరుకుబండి నడపడము కొత్త ఆలోచన కాదు. ఇరవయ్యో శతాబ్దములో బ్రిటను వీధులలో వేలాది పాలబండ్లు సీసపు బ్యాటరీలతో నడిచినవి. ఆ బండ్లు మెల్లగా పోతాయి, గడప గడపకు ఆగుతాయి, పని ముగియగానే తమ కొట్టానికి తిరిగి వస్తాయి. కాబట్టి వాటికి ఆ బ్యాటరీయే సరిపోయినది. వేగముగా, ఎక్కువ దూరము పోవలసిన వ్యానుకు అది చాలలేదు.

ఎందుకు చాలలేదో ఒక లెక్క చూపుతుంది. మన ఇంటి కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిటు అంటే ఒక కిలోవాట్-గంట శక్తి. ఒక వ్యానుకు 22 యూనిట్ల శక్తి కావలెననుకొందాము. సీసపు బ్యాటరీ కిలోగ్రాముకు సుమారు 35 వాట్-గంటల శక్తినే దాచగలదు. అప్పుడు బ్యాటరీ బరువే సుమారు 630 కిలోగ్రాములు అవుతుంది. అది ఒక చిన్న వ్యాను మోసే మొత్తము సరుకుతో సమానము! బ్యాటరీని మోయుటకే బండి సరిపోతే ఇక సరుకుకు చోటెక్కడ?

నికెల్-కాడ్మియము బ్యాటరీ కొంత నయము. కిలోగ్రాముకు సుమారు 50 వాట్-గంటలు ఇస్తుంది. 1998 లో సిత్రొయెన్ 'బెర్లింగో' వ్యానును ఈ బ్యాటరీతో అమ్మినారు. అయినా ఒకసారి చార్జి చేస్తే అది పోగలిగిన దూరము సుమారు 100 కిలోమీటర్లే. పైగా కాడ్మియము విషపదార్థము. 2003 లో రెనో సంస్థ నికెల్-కాడ్మియము బ్యాటరీకి తోడుగా, విద్యుత్తును ఉత్పత్తి చేసే చిన్న పెట్రోలు ఇంజనును కూడ చేర్చి 'ఎలెక్ట్‌రోడ్' అనే కాంగూను అమ్మినది. సుమారు 500 బండ్లు మాత్రమే అమ్ముడుపోయినవి.

లిథియము రాకతో

2011 లో 'కాంగూ జెడ్.ఇ.' వెలువడినది. దీని లిథియము-అయాను బ్యాటరీ శక్తి 22 యూనిట్లు. బరువు సుమారు 250 కిలోగ్రాములు. సీసపు బ్యాటరీతో పోల్చితే సగముకన్న తక్కువ. బండి అడుగున మిగిలిన ఆ పాత చోటులోనే దీనిని అమర్చినారు. సరుకు గది తగ్గలేదు. 650 కిలోగ్రాముల సరుకు మోయగలిగినది.

22 యూనిట్లు అంటే రెండున్నర లీటర్ల పెట్రోలులో ఉండే శక్తికి మించదు. ఇంత కొంచెముతో బండి ఎట్లు నడుస్తుంది? పెట్రోలు ఇంజను ఇంధనములోని శక్తిలో సుమారు నాలుగవ వంతునే చక్రాలకు అందిస్తుంది. తక్కినది వేడిగా పోతుంది. విద్యుత్ మోటారు తనకందిన శక్తిలో చాలా భాగమును పనిగా మారుస్తుంది. బ్రేకు వేసినప్పుడు అదే మోటారు జెనరేటరుగా పనిచేసి కొంత శక్తిని బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. మాటిమాటికి ఆగే తపాలా బండికి ఇది పెద్ద లాభము. 2011 లో ఫ్రెంచి తపాలా సంస్థ ముందు నిలిచి, ఇతర సంస్థలతో కలిసి 15,000 కు పైగా కాంగూలు తీసికొనుటకు ఒప్పందము చేసికొన్నది. అందులో 10,000 తపాలాకే ఉద్దేశించినారు.

ప్రయోగశాల పరీక్షలో ఆ బండి 170 కిలోమీటర్లు పోయినది. వీధిలో, ఋతువును బట్టి, 80 నుండి 125 వరకే. చలికాలములో బ్యాటరీ శక్తి తగ్గుతుంది. లోపల వెచ్చదనమునకు కూడ బ్యాటరీయే శక్తినివ్వవలెను. 2017 లో బ్యాటరీ పరిమాణము పెంచకుండగనే శక్తిని 33 యూనిట్లకు పెంచినారు. తక్కువ విద్యుత్తుతో వేడినిచ్చే ఉష్ణపంపును కూడ చేర్చినారు. 2022 లో వచ్చిన కొత్త కాంగూలో బ్యాటరీ 45 యూనిట్లు; పరీక్షలో దూరము సుమారు 300 కిలోమీటర్లు.

విద్యుత్ వ్యాను నుండి పొగ రాదు. కాని ఆ విద్యుత్తు ఎట్లు పుట్టినదనే ప్రశ్న మిగులుతుంది. ఫ్రాన్సులో ఎక్కువ భాగము అణుకేంద్రాలనుండి వస్తుంది. బొగ్గుతో విద్యుత్తు పుట్టించే చోట వీధిలో తగ్గిన పొగ కొంత విద్యుత్కేంద్రము గొట్టమునుండి వెలువడుతుంది.

చిన్న వ్యాను పోవలసిన దారి ముందే తెలుసు. రాత్రి అది నిలిచే చోటు కూడ తెలుసు. ఆ రాత్రి ఆరేడు గంటలలో బ్యాటరీ నిండుతుంది. మరునాటి ఉత్తరాలకు అంతకంటె ఎక్కువ దూరము పోయే శక్తి అవసరము లేదు. పాలబండి ఎరిగిన ఈ సూత్రమే కాంగూకు కూడ దారి చూపినది. మధ్య కాలములో మారినది బ్యాటరీ బరువు.