నొప్పికి సాక్షి ఎవరు?

జ్వరానికి థర్మామీటరు ఉంది. రక్తపోటుకు చేతికి చుట్టే పట్టీ ఉంది. నొప్పికి అలాంటిది లేదు. నొప్పి పడే మనిషి చెబితేనే పక్క మనిషికి తెలుస్తుంది. చెప్పాక నమ్మటమా, నమ్మకపోవటమా అన్నది పక్క మనిషి చేతిలో ఉంటుంది. అందుకే నొప్పి కొలతల చరిత్రను మేము ఒక సాక్ష్యం చరిత్రగా చదువుతున్నాము. ఊరి పంచాయతీలో వెలివాడ మనిషి చెప్పిన సాక్ష్యానికి ఎంత విలువ ఉండేదో మన పెద్దలకు ఎరుకే. వైద్యశాస్త్రంలో మాత్రం ఎవరి మాట చెల్లింది, ఎవరి మాట చెల్లలేదు?

ఈ చరిత్ర ఎక్కువగా అమెరికా, కెనడా, బ్రిటన్ దేశాల్లో నడిచింది. అక్కడి జాతి వివక్షా ఇక్కడి కులమూ ఒకటేనని మేము అనటం లేదు. ఎదుటి మనిషి నొప్పిని తక్కువ చేసి చూసే పద్ధతి మాత్రం రెండుచోట్లా ఒకే పోలికలో కనిపిస్తుంది. దాన్ని అర్థం చేసుకోవటానికే అక్కడి నుంచి మొదలుపెడుతున్నాము.

మత్తు లేని కోతలు

అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గమరీ పట్టణం. అక్కడ 1845 నుంచి 1849 దాకా మారియన్ సిమ్స్ అనే వైద్యుడు బానిస స్త్రీల మీద శస్త్రచికిత్సలు చేశాడు. కష్టమైన కాన్పుల్లో మూత్రసంచికీ యోనికీ మధ్య రంధ్రం పడుతుంది. దాన్ని కుట్టే పద్ధతి కనిపెట్టటం అతని పని. అతను రాసిపెట్టిన పేర్లు మూడే: అనార్కా, బెట్సీ, లూసీ. ఒక్క అనార్కాకే దాదాపు 30 సార్లు కోత పడింది. మత్తు ఇవ్వలేదు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్ మత్తును అందరి ముందూ వాడి చూపించారు. ఆ తర్వాత కూడా సిమ్స్ మత్తు జోలికి పోలేదు. ఈథర్ అప్పటికి కొత్తది, దాని ప్రమాదాలు సరిగా తెలియవు అని అతని తరఫున వాదించేవాళ్లు ఉన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ 1857లో న్యూయార్క్ ప్రసంగంలో సిమ్స్ చెప్పిన కారణం వేరేది కూడా ఉంది: ఈ ఆపరేషన్లలో మత్తు ఇవ్వాల్సినంత నొప్పి ఉండదట. ఎంత నొప్పో తేల్చింది కత్తి పట్టినవాడు. కత్తి కింద ఉన్న ఆడమనిషి ఏమన్నదో ఆమె మాటల్లో ఎక్కడా మిగల్లేదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు దగ్గర నిలబెట్టిన అతని విగ్రహాన్ని 2018లో తీసేశారు.

నోటిని దాటిపోయిన యంత్రం

ఇరవయ్యో శతాబ్దంలో నొప్పికి కూడా అంకె కట్టాలనే పట్టుదల వచ్చింది. 1940లో న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో జేమ్స్ హార్డీ, హెరాల్డ్ వోల్ఫ్, హెలెన్ గుడెల్ కలిసి డోలోరీమీటర్ అనే పరికరం తయారు చేశారు. నుదుటి మీద నల్లరంగు పూసి, దీపం వేడిని మూడు సెకన్లు తగిలిస్తారు. ఎంత వేడికి నొప్పి మొదలయిందో రాసుకుంటారు. మొదట తమ మీదే చేసుకున్నారు. తర్వాత నొప్పికి 'డోల్' అనే కొలమానం పెట్టి, పదిన్నర డోళ్ల దాకా నిచ్చెన కట్టారు. కాన్పు నొప్పులు పడుతున్న 13 మంది ఆడవాళ్ల చేతుల మీద, నొప్పికీ నొప్పికీ మధ్య ఈ వేడి తగిలించి చూసిన అధ్యయనం 1949లో వచ్చింది.

నొప్పి మొదలయ్యే గడప మనుషులందరికీ దాదాపు ఒకటేనని కార్నెల్ వాళ్లు అన్నారు. ఆ మాట నిలిచి ఉంటే జాతి లెక్కలకు చోటుండేది కాదు. కానీ 1944లోనే చాప్‌మన్, జోన్స్ అనే ఇద్దరు అదే రకం వేడి పరీక్ష చేసి, నల్లవాళ్లకు తక్కువ వేడికే నొప్పి పుడుతుందనీ ఓర్చుకునే శక్తి తక్కువనీ రాశారు. వాళ్లు పరీక్షించిన నల్లవాళ్లు 18 మంది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. బానిసత్వం నాడు నల్లవాళ్ల ఒళ్లు మొద్దు, నొప్పి తెలియదు అన్నారు. వందేళ్ల తర్వాత వాళ్లు ఓర్వలేరు అన్నారు. తెలియదన్నప్పుడు మత్తు దక్కలేదు. ఓర్వలేరన్నప్పుడు చెప్పింది ఎక్కువ చేసి చెప్పినట్టయింది. రెండు లెక్కల్లోనూ తప్పు వాళ్ల ఒంటిదే!

రోగి మాటకు వచ్చిన విలువ

యంత్రాన్ని ప్రశ్నించినవాడు హెన్రీ బీచర్. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో గాయపడిన సైనికులను చూసిన వైద్యుడు. పెద్ద గాయాలున్నా నాలుగింట మూడొంతుల మంది నొప్పికి మందు అక్కరలేదన్నారని 1946లో రాశాడు. సైనికుడికి గాయం అంటే యుద్ధం నుంచి బతికి బయటపడటం. కాబట్టి గాయం ఎంతో, నొప్పి అంత అని లెక్క కట్టలేమన్నాడు. ఈ మాటను మన దిక్కు తిప్పి చూడాలి. కూలికి పోయే మనిషికి గాయం అంటే రేపటి కూలి పోవటం. నొప్పి ఉందని చెబితే మేస్త్రీ పనిలోకి రానియ్యడు. అందుకని పళ్ల బిగువున పనిచేస్తారు. ఆ ఓర్పును చూసి వీళ్లకు నొప్పి తెలియదన్నారు.

1968లో మార్గో మెక్‌కాఫరీ అనే అమెరికా నర్సు, రోగి నొప్పి అని దేన్ని అంటే అదే నొప్పి, ఉందన్నప్పుడు ఉన్నట్టే అని తేల్చి చెప్పింది. ఇంత సూటి మాట ఒక నర్సు నోటి నుంచి రావటం మాకు ఆశ్చర్యం కలిగించలేదు. రాత్రంతా మంచం పక్కన ఉండేది ఆమే కదా. 1974లో బ్రిటన్ వైద్యుడు హస్కిసన్ పది సెంటీమీటర్ల గీతతో నొప్పి కొలిచే పద్ధతిని వివరించాడు. ఒక చివర నొప్పి లేదు, రెండో చివర భరించలేనంత నొప్పి. నీ నొప్పి ఎక్కడుందో రోగే గుర్తు పెట్టాలి. 1975లో కెనడాలో రోనల్డ్ మెల్జాక్ మెక్‌గిల్ ప్రశ్నావళి ప్రచురించాడు. నొప్పిని చెప్పే 78 మాటలు, 20 గుంపులు. మాటల బరువును వైద్యులు, విద్యార్థులు, రోగులు ముగ్గురి చేతా వేయించారు. మాటల మధ్య హెచ్చుతగ్గుల వరసలో మూడు గుంపులూ చాలావరకు ఏకీభవించాయి.

ఇది నిజంగా పెద్ద అడుగు. అయితే ఆ 78 మాటలూ ఇంగ్లీషువి. మన ఇండ్లల్లో నొప్పి ఒక్కటే నొప్పి కాదు. పంటిది పోటు, పుండుది సలుపు, కాళ్లవి తీపులు, నడుముది పీకుడు, నరాలది గుంజుడు. నాట్లు వేసి వచ్చిన మనిషి చెప్పే మాటలు ఇవి. తగ్గిందా అంటే గీత మీద గుర్తు పెట్టమని ఎవరూ అడగక్కరలేదు. రూపాయిలో పావలా వంతు తగ్గింది, ఇంకా బారాణా ఉంది అంటారు. చదువు రాని మనిషి దగ్గర కూడా కొలత ఉంది. దాన్ని రాసుకునే చెయ్యి లేదు.

కొలిచాక ఏమయింది?

కొలత సరిగా ఉంటే న్యాయం జరుగుతుందా? 1993లో నాక్స్ టాడ్, అతని తోటివాళ్లు లాస్ ఏంజెలెస్‌లోని ఒక విశ్వవిద్యాలయ ఆస్పత్రి అత్యవసర విభాగం రికార్డులు చూశారు. ఎముక విరిగి వచ్చిన 139 మందిలో మందు అసలు అందనివాళ్లు తెల్లవాళ్లలో 26 శాతం, హిస్పానిక్ రోగుల్లో 55 శాతం. వైద్యులు హిస్పానిక్ రోగుల నొప్పిని తక్కువగా అంచనా కట్టారేమో అని 1994లో మళ్లీ వెతికారు. అంచనాల్లో తేడా దొరకలేదు. అంటే గుర్తుపట్టినా మందు దాకా వచ్చేసరికి ఏదో అడ్డుపడింది. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో 222 మంది తెల్ల వైద్య విద్యార్థులనూ రెసిడెంట్లనూ అడిగితే, నల్లవాళ్ల చర్మం మందం లాంటి తప్పుడు నమ్మకాల్లో ఒక్కటైనా సగం మందిలో ఉంది. అనార్కా కాలం నమ్మకం తెల్లకోటు జేబులో 21వ శతాబ్దం దాకా వచ్చింది.

మన దగ్గర

పైన చెప్పిన గీతలోగానీ ప్రశ్నావళిలోగానీ కులం గడి లేదు. గడి లేకపోతే కులం లేనట్టా? కష్టం చేసిన ఒళ్లు, వాళ్లకేం కాదు అనే మాట మనం వినందేమీ కాదు. చీటీ చదవగలిగిన మొదటి తరం మాది. మావాళ్లను తీసుకుని పోయిన ఒక ఆస్పత్రిలో, ఎక్కడ నొప్పి అని అడిగారు గానీ ఎంత అని అడగలేదు. అడగనిది కాగితం మీదికి రాదు. కాగితం మీద లేనిదాన్ని రేపు పరిశోధకులు లేదనే రాస్తారు.

అడగటం తెలిసినవాళ్లు మన వాడల్లోనే ఉండేవాళ్లు. ఎన్నో ఊళ్లలో మంత్రసానులు మాదిగ, మంగలి, చాకలి ఆడవాళ్లే. నొప్పులు ఎడంగా వస్తున్నాయా, దగ్గరపడ్డాయా, నడుములో మొదలై ముందుకు వస్తున్నాయా అని అడిగి, పొట్ట మీద చెయ్యి వేసి చూసి, దొంగనొప్పులో కాన్పునొప్పులో చెప్పేవాళ్లు. వేడి తగిలించకుండానే! పురుడు అయ్యేదాకా ఆ చెయ్యి కావాలి, తర్వాత అదే చెయ్యి మైల. ఆ తెలివిని శాస్త్రం అనటానికి ఎవరికీ నోరు రాలేదు.

మందు సంగతి కూడా ఈ చరిత్రలో భాగమే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో చట్టబద్ధంగా నల్లమందు పండించి పరదేశాలకు పంపిన దేశం మనది. 1985 మాదకద్రవ్యాల చట్టం తర్వాత లైసెన్సుల చిక్కుల్లో పడి మార్ఫిన్ వాడకం బాగా పడిపోయింది. 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన వైద్యం ఈ పరిస్థితిని ఎదిరించింది. చట్టాన్ని 2014లో సవరించారు. డబ్బున్న రోగి ఊళ్లు తిరిగి మందు వెతుక్కోగలడు. కూలి రోగికి ఆ దారి కూడా లేదు.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో నొప్పికి నిర్వచనం ఇచ్చింది, 2020లో సవరించింది. నొప్పి ఉందని మనిషి చెబితే దాన్ని గౌరవించాలనీ, చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేదనుకోకూడదనీ అందులో చేర్చింది. మేము దీన్ని మంచి మాటగానే తీసుకుంటున్నాము. అది మన ఆస్పత్రి గదిలోకి రావాలంటే మూడు పనులు జరగాలి. నొప్పి ఎంత అని ప్రతి రోగినీ అడగాలి. పోటు, సలుపు, పీకుడు అని చెబితే ఆ మాటతోనే రాసుకోవాలి. ఎవరికి మందు అందింది, ఎవరికి అందలేదు అన్నది కులంవారీగా లెక్క తీయాలి. మొదటి రెండూ వైద్యుల పని. మూడోది మనలాంటి పరిశోధకుల పని. దాన్ని మనం ఇంకా మొదలుపెట్టలేదు.