పరభాషా విద్యలో సంస్కృతి అధ్యయనం: ఈలింగ్ ప్రయోగం, దాని పూర్వరంగం

విశ్వవిద్యాలయంలో పరభాష చదవడమంటే ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా ప్రధానంగా దాని వ్యాకరణాన్నీ సాహిత్యాన్నీ చదవడమే. ఫ్రెంచిలో పట్టా పుచ్చుకున్న విద్యార్థికి రసీన్ నాటకాలు తెలిసేవి. అద్దె గది కోసం ఇంటి యజమానితో ఎలా మాట కలపాలో తెలిసేది కాదు. ఒకే భాషలో మాట్లాడుకుంటున్నా రెండు సమాజాలవారి మధ్య అపార్థం ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు సాహిత్య శాఖల్లో చోటు తక్కువ. ఆ ప్రశ్న ముఖ్యంగా రెండు చోట్ల నుంచి వచ్చింది: అమెరికా దౌత్య శిక్షణ నుంచి, బ్రిటన్‌లో వలస కార్మికులు పనిచేసే చోట్ల నుంచి. మొదటిదానికి పేరు ఎక్కువ. భాషా బోధనకు ఎక్కువగా పనికొచ్చింది మాత్రం రెండోదే.

అమెరికా విదేశాంగ శాఖ 1947లో ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పింది. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1951 నుంచి 1955 దాకా అక్కడ పనిచేశాడు. సంస్కృతి గురించిన సిద్ధాంతాలు శిక్షణకు వచ్చిన అధికారులకు రుచించలేదు. తాము వెళ్లబోయే దేశంలో ఎలా మెలగాలో చెబితే చాలన్నారు. దాంతో హాల్ దృష్టి చిన్న విషయాల మీదికి మళ్లింది. మాట్లాడేటప్పుడు ఇద్దరి మధ్య ఎంత ఎడం ఉంటుంది, ఎంతసేపు దాటితే ఆలస్యమంటారు, గొంతు ఎప్పుడు పెంచుతారు అన్నవి పాఠ్యాంశాలయ్యాయి. భాషను విశ్లేషించినట్టే ఈ అలవాట్లనూ విశ్లేషించవచ్చని, భాషాశాస్త్రవేత్త జార్జ్ ట్రేగర్‌తో కలిసి ఒక నమూనా తయారుచేశాడు. 1959లో వెలువడిన ‘ది సైలెంట్ లాంగ్వేజ్’ ఈ ఆలోచనను సామాన్య పాఠకుల దాకా తీసుకెళ్లింది.

హాల్ పనిచేసిన సంస్థలో భాష నేర్పేవారూ సంస్కృతి గురించి చెప్పేవారూ ఒకే కప్పు కింద ఉండేవారు. తరువాత అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో ఈ విషయం ఎక్కువగా కమ్యూనికేషన్ శాఖల పాలైంది. భాషా తరగతులతో దాని బంధం పలచబడింది. డచ్ సామాజిక మనస్తత్వవేత్త ఖేర్ట్ హాఫ్‌స్టెడ్ 1980లో ప్రచురించిన ‘కల్చర్స్ కాన్సిక్వెన్సెస్’ ఈ ధోరణికి బలం చేకూర్చింది. ఐబీఎం ఉద్యోగుల సర్వేల ఆధారంగా అతను దేశాలకు అంకెలు కేటాయించాడు. అధికార దూరంలో, అంటే అధికారంలోని అసమానతను జనం ఎంత సహజంగా ఒప్పుకుంటారన్న కొలతలో, భారతదేశానికి 77, వ్యక్తివాదంలో 48 వచ్చాయి. ఒక బహుళజాతి కంపెనీ సిబ్బంది జవాబుల నుంచి దేశం మొత్తానికి స్వభావాన్ని కట్టడంలోని లోపాన్ని బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో గట్టిగా ఎత్తిచూపాడు. ఇన్ని భాషలు, కులాలు, మతాలు ఉన్న దేశానికి ఒకే అంకె ఏం చెబుతుందన్న అనుమానం భారతీయ పాఠకుడికి కలగక మానదు. అయినా ఆ పట్టికలు చాలా బిజినెస్ స్కూళ్ల పాఠాల్లో ఇంకా కొనసాగుతున్నాయి.

రెండో మార్గానికి ఆద్యుడు భాషా మానవశాస్త్రవేత్త జాన్ గంపర్జ్. అతని పరిశీలనకు పునాది భారతదేశంలో పడింది. మహారాష్ట్రలోని సాంగ్లీ దగ్గర కుప్వాడ్ అనే ఊళ్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ పక్కపక్కనే శతాబ్దాలుగా నడిచాయి. తాళ్లు పేనే కుటుంబాలు తెలుగు మాట్లాడేవి. రాబర్ట్ విల్సన్‌తో కలిసి గంపర్జ్ 1971లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఆ ఊళ్లో ఈ భాషల వాక్యనిర్మాణాలు దాదాపు ఒకటైపోయాయి. పదజాలం మాత్రం విడిగానే నిలిచింది. ఇంటి భాష ఆ కుటుంబం ఏ సమూహానిదో చెప్పే గుర్తు కాబట్టి దాన్ని ఎవరూ వదులుకోలేదు. భాషలు ఇంతగా కలిసిపోయినా మనుషుల మధ్య హద్దులు చెరగలేదన్న ఈ గమనిక చాలా ముఖ్యమైనది.

అదే చూపుతో గంపర్జ్ బ్రిటన్‌లో ఒక పెద్ద విమానాశ్రయపు సిబ్బంది క్యాంటీన్‌ను పరిశీలించాడు. అక్కడ కొత్తగా చేరిన భారతీయ, పాకిస్తానీ స్త్రీలు దురుసుగా ఉంటారని ఫిర్యాదు. వాళ్లు మాట్లాడేదే తక్కువ. మాంసం తీసుకున్నవారిని గ్రేవీ కావాలా అని అడగాలి. బ్రిటిష్ సహాయకురాలు ‘గ్రేవీ’ అన్న ఒక్క మాటనే స్వరం పైకి లేపి పలికితే అది ఆహ్వానంలా వినిపించేది. దక్షిణాసియా స్త్రీలు అదే మాటను స్వరం దించి పలికేవారు. వాళ్ల దృష్టిలో అదే మామూలు ప్రశ్న. వినేవాళ్లకు మాత్రం ‘ఇదిగో గ్రేవీ, ఇష్టమైతే తీసుకో’ అన్నట్టుండేది. టేపు వినిపించి చర్చించాక, తోటివారు తమను ఎందుకు దూరం పెడుతున్నారో ఆ స్త్రీలకు బోధపడింది; వాళ్లలో మొరటుతనమేమీ లేదని పర్యవేక్షకులకూ తెలిసింది. ఇలాంటి స్వర, లయ సంకేతాలను గంపర్జ్ సందర్భ సూచికలన్నాడు. వ్యాకరణ దోషమైతే పరాయివాడి తప్పుగా సరిపెట్టుకుంటారు, సూచిక తప్పితే మనిషి గుణాన్నే శంకిస్తారు.

ఈ పరిశోధన లండన్ పశ్చిమాన పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్‌కు చేరింది. అక్కడి పారిశ్రామిక భాషా శిక్షణ బృందంలోని సీలియా రాబర్ట్స్, టామ్ జప్‌లతో కలిసి గంపర్జ్ పనిచేశాడు. 1979లో బీబీసీ ప్రసారం చేసిన ‘క్రాస్‌టాక్’ కార్యక్రమం ఆ కలయిక ఫలితం.

సౌతాల్ ఉన్న ఈలింగ్ ప్రాంతంలోనే, థేమ్స్ వ్యాలీ విశ్వవిద్యాలయంలో, 1990ల మొదట్లో భాషా విద్యార్థులతో ఒక ప్రయోగం మొదలైంది. బ్రిటన్‌లో ఆధునిక భాషల డిగ్రీ సాధారణంగా నాలుగేళ్లు. మూడో ఏడు విదేశంలో గడపాలి. 1987లో 11 దేశాలు, 3,244 మంది విద్యార్థులతో మొదలైన ఎరాస్మస్ పథకం ఐరోపాలో ఇలాంటి రాకపోకలను బాగా పెంచింది. కానీ పరాయి దేశంలో ఉన్నంత మాత్రాన అవగాహన పెరుగుతుందన్న నమ్మకానికి ఆధారం బలహీనం. జేమ్స్ కోల్‌మన్ 1996లో ప్రచురించిన సర్వే ఫలితాల్లో, కొందరు విద్యార్థులు ఆ దేశస్థుల పట్ల మునుపటికన్నా ప్రతికూలమైన అభిప్రాయాలతో తిరిగి వచ్చినట్టు తేలింది. తోటి ఇంగ్లీషువాళ్లతోనే కాలం గడిపి వచ్చేవారికి పాత అభిప్రాయాలు మారే అవకాశం తక్కువ.

ఈలింగ్ బృందం దీనికి ఎథ్నోగ్రఫీని మందుగా ఎంచుకుంది. ఒక సమూహంతో కలిసి మెలిసి ఉంటూ, వాళ్లు చేసేదాన్నీ చెప్పేదాన్నీ రాసుకుంటూ, దానికి వాళ్లు ఇచ్చుకునే అర్థాన్ని పట్టుకోవడం ఆ పద్ధతి. రెండో ఏట ఒక కోర్సు ఉండేది. కుటుంబం, స్త్రీపురుష సంబంధాలు, స్థానిక హద్దులు వంటి విషయాల మీద వారం వారం చిన్న పరిశీలనలు చేయాల్సి ఉండేది. విదేశానికి వెళ్లే ముందు సొంత ఊళ్లోనే ఒక సమూహాన్ని గమనించి నివేదిక రాయాల్సి ఉండేది. మూడో ఏట విదేశంలో ఒక చిన్న లోకాన్ని, అంటే ఒక క్లబ్బునో పండగనో పని చోటునో, ఎంచుకుని అక్కడివారితో తిరగాల్సి ఉండేది. నాలుగో ఏట ఆ అనుభవాన్ని నేర్చుకున్న భాషలోనే రాయాల్సి ఉండేది.

ఈ వరుసలో అన్నిటికన్నా విలువైనది సొంత ఊరి పరిశీలన. తనకు సహజమనిపించేది కూడా ఎవరో కట్టుకున్న ఏర్పాటేనని విద్యార్థికి అక్కడే తెలుస్తుంది. ఆ ఎరుక లేకుండా వెళ్లినవాడు సెవిల్‌లోనో లైప్‌జిగ్‌లోనో తేడాలన్నిటినీ అవతలివాళ్ల విడ్డూరాలుగా లెక్కవేస్తాడు. ఇంకో సంగతీ గమనించాలి. ఈ కోర్సు చెప్పింది మానవశాస్త్రవేత్తలు కాదు, భాషా అధ్యాపకులే. వాళ్లు ముందుగా బ్రయన్ స్ట్రీట్ వంటి మానవశాస్త్రవేత్తల సాయంతో తాము నేర్చుకుని, ఆ తరువాత నేర్పారు. సౌతాల్‌లో పనిచేసిన రాబర్ట్స్, భాషా విద్యావేత్త మైకేల్ బైరమ్, సహ రచయితలు 2001లో ‘లాంగ్వేజ్ లెర్నర్స్ యాజ్ ఎథ్నోగ్రాఫర్స్’ పేరుతో ఈ అనుభవాన్ని గ్రంథస్థం చేశారు. భాషా విద్యార్థి గమ్యం స్థానికుడిలా మాట్లాడడం కాదని, రెండు సమాజాల మధ్య నిలబడి ఒకరి మాటను మరొకరికి అర్థం చేయించగలగడమని బైరమ్ 1997లోనే వాదించాడు. ఈలింగ్ కోర్సు ఆ వాదానికి ఆచరణ రూపం.

హైదరాబాద్‌కు ఈ అనుభవం దూరమైనది కాదు. 1958లో ఇంగ్లీషు బోధన కోసం ఇక్కడ ఏర్పడిన సంస్థ 1970లలో విదేశీ భాషలనూ చేర్చుకుంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదాతో ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) అయింది. ఇక్కడ జర్మన్, స్పానిష్, జపనీస్ చదివేవారిలో చాలామందికి ఏడాది పాటు విదేశంలో ఉండే స్తోమత లేదు. సొంత ఊరి పరిశీలనకు మాత్రం ఇంతకన్నా అనువైన నగరం అరుదు. బేగంబజార్ హోల్‌సేల్ కొట్లో మార్వాడీ సేఠ్, జిల్లాల నుంచి వచ్చిన తెలుగు వ్యాపారి, దక్కనీ మాట్లాడే హమాలీ ఒకే బేరంలో ఎదురవుతారు. ఉద్దెర అడిగేటప్పుడు ఎవరు ఏ భాషలోకి మారుతున్నారు, ‘అన్నా’ ఎక్కడ ఆగి ‘సేఠ్’ ఎక్కడ మొదలవుతుంది అన్నవి ఒక సెమిస్టరుకు సరిపడే ప్రశ్నలు.

అవసరమూ కళ్లముందే ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాల కోసం నర్సులకు జర్మన్, జపనీస్ శిక్షణ ఏర్పాటు చేస్తోంది. జర్మనీలో నర్సుగా గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాషలో బి2 స్థాయి (భాషను స్వతంత్రంగా వాడగల స్థాయి) అడుగుతారు. ఆ పరీక్ష గట్టెక్కిన నర్సుకు కూడా, నొప్పి ఉన్నా పైకి చెప్పని వృద్ధుడితో ఎలా మాట్లాడాలో, డాక్టరు సూచన మీద సందేహాన్ని ఏ స్వరంతో అడగాలో అన్న ప్రశ్న వార్డులోకి వెళ్లాకే ఎదురవుతుంది. విమానాశ్రయపు క్యాంటీన్ టేపులు చూపినట్టు, అక్కడ పొరబాటు జరిగితే నింద పడేది భాష మీద కాదు, ఆ నర్సు స్వభావం మీద. ఈలింగ్ తరహా కోర్సుకు ఇక్కడ కొత్త శాఖ అక్కర్లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రం, మానవశాస్త్ర విభాగం రెండూ ఉన్నాయి. ఇఫ్లూ అధ్యాపకులు ఈలింగ్‌వారిలా ముందు ఒక ఏడాది అక్కడ నేర్చుకుంటే కోర్సు ఆరంభించవచ్చు.